డోలు ఖరీదు

ఒకే పనికి ఉపయోగపడే రెండు వస్తువులు మన ఎదుట ఉన్నాయి. ఒకటి చవక. రెండవదాని ఖరీదు మొదటిదానికి ఇంచుమించు మూడింతలు. అది చేత్తో చేసినది. ఏది కొనాలి? ఈ ప్రశ్నను మనం సాధారణంగా ఒక్క మాటతో తేల్చేస్తాం. డబ్బున్నవాడు "అభిరుచి" అంటాడు, లేనివాడు "స్తోమత" అంటాడు. అభిరుచికి కారణాలు అడగకూడదనీ, స్తోమత లేనివాణ్ణి అసలేమీ అడగకూడదనీ మన నమ్మకం. కాని డబ్బు మన సొంతం కానప్పుడు, అది నలుగురి దగ్గరా చేయి చాపి పోగుచేసినదైనప్పుడు, ఈ రెండు మాటలూ మనకు అడ్డం రావు. ప్రతి రూపాయికీ కారణం చెప్పవలసి వస్తుంది. అప్పుడు అది నైతిక ప్రశ్న అవుతుంది.

ఖమ్మంలో మేము కొందరం నడుపుకుంటున్న ఒక చిన్న సాంస్కృతిక బృందానికి ఇటువంటి పరిస్థితి వచ్చింది. బృందంలో బడిపంతుళ్ళున్నారు, మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీలున్నారు, భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చి చదువుకుంటున్న ఇద్దరు కోయ యువకులున్నారు. వారిద్దరూ మాకు కొమ్ము నృత్యం నేర్పటానికి ఒప్పుకున్నారు. మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు తలకెత్తుకుని, మెడలో పొడవాటి డోళ్ళు వేసుకుని వాయిస్తూ ఆడే నృత్యమది. దానికి డోలు కావాలి. పట్నంలో ఫైబర్ డోలు దొరుకుతుంది: రెండువైపులా ప్లాస్టిక్ మూత, బిగించటానికి మరలు, చెల్లించిన మరుక్షణం చేతికి వస్తుంది. రెండవది గోదావరి అవతల దుమ్ముగూడెం వైపు ఒక పల్లెలో ఒక పెద్దాయన దుంగ తొలిచి చేస్తాడు. వెల మూడింతలు, పైగా రెండు నెలలు ఆగాలి.

సమావేశంలో వాదం సాగింది. "కళకు వెల కట్టకూడదు" అన్నాడొక పంతులు. హమాలీ సభ్యుడొకాయన వెంటనే లేచాడు: "కట్టకూడదంటే ఎట్లా సారూ? కట్టేది మనమేగా. చందాలిచ్చినోళ్ళు రేపు అడుగుతారు. వినేవాడికి అది చెక్కదో, ఫైబరుదో తెలుస్తదా?" ఈ ప్రశ్నకు ఆ రాత్రి మాలో ఎవరికీ సమాధానం తోచలేదు. ఆ సమాధానం కోసం వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం.

చేతి వాద్యాన్ని సమర్థించేవారు మొదట చెప్పేది నాదం గురించి. యంత్రం చేసిన వాద్యంలో ప్రాణం ఉండదంటారు. ఈ మాటను పరీక్షించకుండా ఒప్పుకోకూడదు. వాయులీనాల్లో పాత ఇటాలియన్ వాద్యాలకు, ముఖ్యంగా స్ట్రాడివేరియస్ చేసినవాటికి, సాటి లేదని లోకమంతా నమ్ముతూ వచ్చింది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో కొందరు పరిశోధకులు 21 మంది వాయులీన విద్వాంసులకు మూడు పాత వాద్యాలనూ, మూడు కొత్త వాద్యాలనూ, ఏది ఏదో తెలియకుండా ఇచ్చి వాయించమన్నారు. ఎక్కువమంది కొత్తవాటినే మెచ్చుకున్నారు; అందరికంటే తక్కువ మెప్పు పొందినది ఒక స్ట్రాడివేరియస్. ఈ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. అక్కడ కొత్తవి కూడా చేత్తో చేసినవే కనుక, యంత్రం గెలిచిందని దీని అర్థం కాదు. వెల తెలిసిన చెవి వెలనే వింటుందన్నది మాత్రం దీనివల్ల తేలుతుంది.

డోలు విషయంలోనూ నిజాయితీగా మాట్లాడుకోవాలి. తోలు వానాకాలంలో చెమ్మ పీల్చి సడలుతుంది. దాన్ని నెగడు దగ్గర కాచుకోవాలి. డప్పు వాయించేవారందరికీ ఇది తెలుసు. ఫైబర్ డప్పులు ఊరేగింపుల్లో అంత త్వరగా వ్యాపించటానికి ఇదొక కారణం. ప్లాస్టిక్ మూత తడిసినా పలుకుతుంది. దుంగ డోలు నాదంలో అడుగున ఒక బరువు ఉంటుంది, తోలుకు వేళ్ళ కింద ఒక మెత్తదనం ఉంటుంది. ఫైబర్ డోలుకు అవి లేవు. మా కోయ మిత్రులు కళ్ళు మూసుకుని విన్నా ఆ తేడా చెప్పగలరు. కాని మైకులో, మూడు వందల మంది గోలలో, ఆ తేడా ఎంత మిగులుతుంది? హమాలీ సభ్యుని అనుమానం అబద్ధం కాదు. నాదం ఒక్కటే ఆధారమైతే, మూడింతల వెలను అది పూర్తిగా మోయలేదు.

రెండవ సమర్థన శ్రమకు సంబంధించినది. అభ్యుదయవాదులకు ఇది ఇష్టమైనది కూడా. ఇందులో ఎక్కువ శ్రమ ఉన్నది, కనుక ఎక్కువ విలువ ఉన్నది అంటారు. ఇది మార్క్స్ చెప్పినది కాదు. 1867లో వెలువడిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో ఆయన ఈ పొరపాటును ముందే ఊహించి ఖండించాడు. ఒక మనిషి సోమరిగానో, నైపుణ్యం లేకనో ఎక్కువకాలం పనిచేసినంత మాత్రాన వస్తువు విలువ పెరగదు. ఆ సమాజంలో, ఆ కాలపు సాధనాలతో, సగటున ఎంత శ్రమ అవసరమో అదే విలువను నిర్ణయిస్తుంది. ఇంగ్లండులో మరమగ్గం వచ్చాక, చేనేతగాడు మునుపటిలాగే అన్ని గంటలూ నేసినా అతని గంట శ్రమకు సగం విలువే దక్కిందని ఆయన చూపించాడు. ఈ లెక్కన ఫైబర్ డోలు వచ్చిననాడే దుంగ డోలు వెల కూడా పడిపోవాలి. పడిపోకపోతే అది మన జాలి వల్లనో, అలంకారప్రీతి వల్లనో నిలబడుతున్నదనాలి.

అయితే ఈ వాదం ఒకచోట జారుతున్నది. విలువ సూత్రం మార్కెట్టు ఎలా నడుస్తున్నదో చెబుతుంది. మనం ఎలా నడవాలో చెప్పదు. చేనేతగాడి శ్రమ విలువ సగమైపోయిందని రాసిన మనిషి, ఆ నేతగాడి ఆకలిని న్యాయమని ఎన్నడూ అనలేదు. రాయి కిందికి పడుతుందని చెప్పే శాస్త్రం, కింద నిలబడ్డవాడి తల పగలాలని శాసించదు. వర్ణనను విధిగా మార్చుకోవటం మన చర్చల్లో తరచుగా జరుగుతున్న తప్పు. "మార్కెట్టు ఇంతే ఇస్తుంది" అన్న వాక్యాన్ని "ఇంతే ఇవ్వాలి" అన్న వాక్యంగా చదివే వ్యాపారిని మనం విమర్శిస్తాం. చేతివృత్తులవాళ్ళ ఎదుట మనమూ అదే పని చేస్తాం.

ఇంకొకటి కూడా ఉన్నది. గాజు తలుపుల దుకాణంలో అచ్చువేసిన ధర చూసి మనం మారుమాట్లాడం. సంతలో నేలమీద బుట్టలు పరచుకుని కూర్చున్న మనిషి ధర చెప్పగానే సగానికి అడుగుతాం. మొదటి ధరలో కంపెనీ లాభం, ప్రకటనల ఖర్చు, దుకాణం అద్దె అన్నీ కలిసి ఉంటాయి, వాటిని ప్రశ్నించం. రెండవ ధరలో ఉన్నది ఒక మనిషి రోజు కూలి, దాన్ని తెగ్గోస్తాం. తోలు వాద్యాల విషయంలో దీనికి మన సమాజం మరొక మలినాన్ని కూడా చేర్చింది. తోలు ముట్టినవాణ్ణి ఊరి వెలుపల ఉంచి, అతను చేసిన డప్పును మాత్రం పెళ్ళికీ చావుకూ పిలిపించుకున్న సమాజం మనది. అటువంటివాడి శ్రమ చవకగా ఉండటం మనకు ప్రకృతి ధర్మంలాగా కనిపించటంలో ఆశ్చర్యం లేదు.

మూడవ సమర్థన సంప్రదాయాన్ని కాపాడటం. దీన్ని కూడా జాగ్రత్తగా చూడాలి. ఇంగ్లండులో విలియం మారిస్ (1834-1896) యంత్రాల వికారాన్ని అసహ్యించుకుని, చేతిపనికి గౌరవం తేవాలని జీవితమంతా పాటుపడ్డాడు. కాని ఆయన సంస్థ చేసిన అందమైన వస్తువులు కొనగలిగినది ధనికులే. ఆయన సోషలిస్టు కనుక ఆ వైరుధ్యం ఆయనను బాధించింది. మన పట్టణాల్లో అది ఎవరినీ బాధిస్తున్నట్టు లేదు. "ఆదివాసీ కళాఖండం" అన్న చీటీతో హాలు గోడకు వేలాడుతున్న డోళ్ళను నేను చూశాను. వాటిని ఎవరూ వాయించరు. వాయించని డోలును కొన్నవాడు డోలును కాపాడలేదు. దాని బొమ్మను కాపాడాడు.

పైగా చవక వాద్యాన్ని చిన్నచూపు చూడటం కూడా న్యాయం కాదు. ఇందుకు యుకులేలీ అనే చిన్న నాలుగు తంతుల వాద్యం చరిత్ర మంచి ఉదాహరణ. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా ద్వీపం నుంచి చెరకు తోటల్లో పనికోసం హవాయికి ఓడలో వెళ్ళినవారిలో ముగ్గురు వడ్రంగులున్నారు. వారు తమ ఊరి చిన్న గిటారును హవాయి అడవుల్లోని కోవా కర్రతో చేయటం మొదలుపెట్టారు. (కోవా, కోయ అన్న పేర్లలోని పోలిక యాదృచ్ఛికమే.) కూలివాళ్ళ వాద్యంగా పుట్టిన అది 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శన తర్వాత అమెరికాలో ఫ్యాషన్ అయింది. 1949 నుంచి మరియో మక్కఫెర్రీ అనే వాద్యకారుడు దాన్ని ప్లాస్టిక్‌తో అచ్చుపోసి లక్షల సంఖ్యలో అమ్మాడు. సంగీతం ఎరగని ఇళ్ళల్లో పిల్లలకు అది చేతికి అందింది. ఈనాడు చేత్తో చేసిన కోవా కర్ర యుకులేలీ దానికి ఎన్నో రెట్లు పలుకుతున్నది. ప్లాస్టిక్ యుకులేలీ కళాద్రోహమా? నేను అనుకోను. నేర్చుకోవాలనుకున్న పేద పిల్లవాడికి చవక వాద్యం ఒక తలుపు తెరుస్తుంది. ఆ తలుపును సౌందర్యం పేరుతో మూయటానికి మనకు అధికారం లేదు.

మరి నాదం చాలదు, శ్రమ కొలత చాలదు, సంప్రదాయం చాలదు. మూడింతలు దేనికి?

దీనికి సమాధానం కోసం మేము ముగ్గురం ఆ పల్లెకు వెళ్ళాం. మాతో హమాలీ సభ్యుడు కూడా వచ్చాడు. పెద్దాయన ఇంటి వసారాలో సగం తొలిచిన దుంగ ఒకటి ఉన్నది. బాడిసతో, ఉలితో లోపలి నుంచి కర్రను కొంచెం కొంచెంగా తీస్తున్నాడు. గోడ మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే నాదం చెడుతుంది. మరీ పలచనైతే ఎండకు నెర్రె విడుస్తుంది. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెట్టి, తాళ్ళతో లాగి బిగించాలి. ఎవరు వాయిస్తారని మమ్మల్ని అడిగాడు. కోయ యువకుణ్ణి పిలిచి అతని భుజం ఎత్తు చూశాడు, చేతులు చూశాడు. దుకాణంలో మమ్మల్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

హమాలీ సభ్యుడు మాత్రం వేరే ప్రశ్న అడిగాడు: "పెద్దాయనా, దీనికి ఎన్ని రోజులు పడతది?" దుంగ తేవటం, ఎండబెట్టటం, తొలచటం, తోలు పని, బిగింపు అన్నీ కలిపి ఆయన రోజులు లెక్కచెప్పాడు. మా మిత్రుడు వేళ్ళమీద భాగించాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. తిరుగు బస్సులో అన్నాడు: "సారూ, మొన్న బస్తా రేటు పెంచమని మనం యార్డులో కూర్చున్నాం గదా. ఆ ముసలాయనకు రోజుకు పడేది మా కూలిలో సగం లేదు. నేను బేరమాడదామని పోయిన. ఏ మొహంతో ఆడను?"

ఆ సమావేశంలో మాకు దొరకని కొలత ఇక్కడ దొరికింది. అది ఏ పుస్తకంలోనిదీ కాదు. వెలను పని దినాలతో భాగించి, వచ్చిన కూలికి నేను పనిచేస్తానా అని అడుక్కోవటం. ఫైబర్ డోలుతో పోలిస్తే దుంగ డోలు మూడింతలు ఖరీదు. దాన్ని చేసినవాడి జీవితంతో పోలిస్తే అది చవక. మనం పోల్చవలసినది రెండు డోళ్ళను మాత్రమే కాదు, రెండు కూలీలను. ఫైబర్ డోలు చేసిన కార్మికుడి కూలి మనకు కనిపించదు. కనిపించనంత మాత్రాన అది న్యాయమైనదని కాదు. దాని చవకతనంలో యంత్రం చేసిన మేలు ఎంతో, తక్కువ కూలి చేసిన కీడు ఎంతో విడదీసి చూడలేకపోతున్నాం. దుంగ డోలు దగ్గర కనీసం ఆ మనిషి ఎదుట కూర్చుని ఉన్నాడు, లెక్క చెబుతున్నాడు.

ఈ కొలతకు హద్దు ఉన్నది. ఈ తర్కంతో ప్రతి నిదానమైన పనికీ ఎక్కువ డబ్బు ఇవ్వాలంటే, చేత్తో కొట్టిన మేకులకూ ఇవ్వాలి. అక్కరలేదు. మేకు ఎవరు కొట్టినా మేకే; అక్కడ మనిషిని ఆ పనినుంచి విడిపించి మంచి కూలి వచ్చే పనిలోకి తేవటమే న్యాయం. డోలు అటువంటిది కాదు. దాన్ని చేసేవాడు దరువు తెలిసినవాడు, వాయించేవాడి భుజాన్ని చూసి చేసేవాడు. తోలు చినిగితే ఊళ్ళోనే మారుస్తాడు. ఫైబర్ పగిలితే పారవేయటమే. భూమి పండుగలో, కొలుపులో, పెళ్ళిలో, చావులో ఆ డోలుకు ఒక పని ఉన్నది. ఉపయోగ విలువ అంటే వస్తువు కడుపు నింపటం ఒక్కటే కాదు. ఒక జనసమూహం తనను తాను గుర్తుపట్టుకోవటం కూడా. ఆ ఉపయోగం మిగిలినంతకాలం రెండు డోళ్ళూ ఒకే సరుకు కావు. కనుక ఒకే సగటు శ్రమతో వాటిని కొలవటమూ కుదరదు.

రెండవ హద్దు: ఎక్కువ వెల అంటే ఎక్కువ కూలి అని అనుకోకూడదు. మేము బయలుదేరక ముందు పట్నంలో ఒక అమ్మకందారు ఇదే రకం డోలుకు పెద్దాయన చెప్పినదానికంటే చాలా ఎక్కువ అడిగాడు. ఆ ఎక్కువలో ఒక్క రూపాయి కూడా ఉలి పట్టిన చేతికి చేరదు. చేతిపని పేరు చెప్పి తీసుకునే లాభం, యంత్రం పేరు చెప్పి తీసుకునే లాభం కంటే పవిత్రమైనది కాదు. వెల ఎంత అన్న ప్రశ్నకు ముందు, వెల ఎవరికి అన్న ప్రశ్న వేయాలి.

మూడవ విషయం కర్ర. ఇది మా చర్చలో చివరకు వచ్చింది, అసలు మొదట రావలసినది. డోలు అంత ఖరీదు ఎందుకని అడిగితే పెద్దాయన నైపుణ్యం గురించి చెప్పలేదు, దుంగ గురించి చెప్పాడు. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకు, తేనె, లక్క, వెదురు వంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద ఆదివాసులకు హక్కు ఇచ్చింది. ఆ నిర్వచనంలో కలప లేదు. 1967 అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో చెట్టు కొట్టటం నేరం. అడవిని కాపాడటానికి ఈ నియమం అవసరమే. కలప స్మగ్లర్లు ఎంత విధ్వంసం చేశారో మనకు తెలుసు. కాని స్మగ్లరుకూ, సంవత్సరానికి నాలుగైదు దుంగలు కావలసిన వాద్యకారుడికీ తేడా తెలియని చట్టం, తన భారమంతా రెండవవాడి మీదనే వేస్తుంది. అతను పొలంగట్టు మీది చెట్టు కోసం ఎదురుచూడాలి, లేదా భయంతో బతకాలి. పైగా 2014 తర్వాత సరిహద్దు వచ్చి పడింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. పోలవరం ముంపు కింద కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలు అటువైపు చేరాయి. చుట్టరికాలకూ, కొలుపులకూ, డోళ్ళకూ లేని గీత రికార్డుల్లో ఉన్నది. ముంపు గ్రామాల నుంచి అడవికి దూరంగా కాలనీల్లోకి తరలిన వడ్రంగికి నష్టపరిహారం లెక్కలో ఇల్లు ఉంటుంది, భూమి ఉంటుంది. రేపు డోలు తొలచటానికి కావలసిన చెట్టు ఏ పద్దులో ఉంటుంది?

2022లో మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను, కోయల వంశగాథలను నోటనే నిలుపుకున్న మనిషి ఆయన, 2024లో కన్నుమూశారు. ఆ గౌరవం తగినదే. కాని గౌరవించిన రాజ్యమే, ఆ గాథకు తోడుగా మోగే డోలుకు కర్ర ఎక్కడి నుంచి రావాలో చెప్పలేదు. మనలో ఎందరికి డోలు తొలిచేవారి పేర్లు తెలుసు? పాటను సన్మానించటం సులభం, ఎందుకంటే పాటకు భూమి అడగనక్కరలేదు. డోలును సన్మానించాలంటే చెట్టు అడగాలి, చెట్టును అడగాలంటే అడవి ఎవరిదని అడగాలి.

ఇక మా నిర్ణయం. సాధనకు ఒక ఫైబర్ డోలు కొన్నాం. నేర్చుకునే పిల్లలు దాన్ని తడిపినా, పడేసినా బెంగ లేదు. ప్రదర్శనకు దుంగ డోలు చెప్పించాం. చెప్పిన వెలను బేరమాడకుండా, సగం ముందుగా, పెద్దాయన చేతికే ఇచ్చాం. చందాదారులకు లెక్క చదివినప్పుడు వెలతో పాటు పని దినాలు కూడా చదివాం. చదివింది హమాలీ సభ్యుడే. ఒకాయన మాత్రం "అంతా ఇట్లా ఖర్చు పెడితే రేపు నాటకానికి తెరలు ఎట్లా కొంటారు?" అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. తెరలు ఇంకా కొనలేదు. ఒక మంచి పనికి పెట్టిన డబ్బు ఇంకొక మంచి పనికి లేకుండా పోతుందన్నది నైతిక చర్చ చేసేవారు మరచిపోకూడని విషయం.

అయినా మేము చేసినదాన్ని గొప్ప చేసుకోకూడదు. ఒక డోలు కొని ఒక వృత్తిని నిలబెట్టామనుకోవటం భ్రమ. మంచి వెల ఇచ్చే కొనుగోలుదారు మంచివాడే కావచ్చు; కాని అతని మంచితనం మీద ఆధారపడిన బతుకు హక్కుతో బతికే బతుకు కాదు. 1996 పెసా చట్టం గ్రామసభకు తన సంస్కృతినీ, వనరులనూ కాపాడుకునే అధికారాన్ని గుర్తించింది. వాద్యాల తయారీకి ఏటా ఫలానా ఇన్ని దుంగలని గ్రామసభ తీర్మానించి, ఒకటి కొట్టినచోట పది నాటి, అటవీశాఖ దాన్ని గుర్తించే ఏర్పాటు అసాధ్యమైనదేమీ కాదు. రచయితల సంఘాలు కవిసమ్మేళనాల్లో డోలు వాయింపించుకుంటున్నాయి. ఆ డోలుకు కర్ర హక్కుగా రావాలని తీర్మానం చేసిన సభను నేను ఇంతవరకు చూడలేదు. మన తరువాతి సభలో ఆ తీర్మానం పెట్టాలని ఈ పత్రిక ద్వారా ప్రతిపాదిస్తున్నాను. దాన్ని చదవటానికి పెద్దాయనను పిలవాలి. దారిఖర్చులూ, పోగొట్టుకున్న రోజు కూలీ మనమే ఇవ్వాలి.